ట్రంకుపెట్టెలో పనిముట్లు, వరండాలో మామయ్యగారు

ప్రశ్న:

మేడమ్‌గారికి నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. మామయ్యగారికి 67 ఏళ్ళు. జేకేపూర్ కాగితం మిల్లులో 34 ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి ఆయన పొద్దున్నే వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటారు. మధ్యాహ్నం పడుకుంటారు. సాయంత్రం మళ్ళీ అదే కుర్చీ. ఏమడిగినా "ఊ" అంటారు, లేదా అసలు పలకరు. టీవీ మాత్రం వీధి చివరిదాకా వినిపించేలా పెట్టుకుంటారు. మంచం కింద ఆయన పనిముట్ల ట్రంకుపెట్టె ఉంది. ఏటా విశ్వకర్మ పూజ నాడు దాన్ని బయటికి లాగి, ఒక్కొక్క పానా తుడిచి, నూనె రాసి, బొట్టుపెట్టి మళ్ళీ తాళం వేసేస్తారు.

మెల్‌బోర్న్‌లో ఉన్న మా చిన్నాన్న కూతురు మొన్న ఫోన్లో ఒక సంగతి చెప్పింది. అక్కడ పెద్దవయసు మగవాళ్ళు ఊరుమ్మడి షెడ్డులో చేరి, చెక్కపనులూ రిపేర్లూ చేసుకుంటూ కబుర్లు చెప్పుకుంటారట. మన ఊళ్ళో అలాంటిది కుదురుతుందా? మావారితో అంటే, "నాన్నని రెస్టు తీసుకోనీ. ఈ వయసులో సుత్తి పట్టిస్తే కొడుకు తిండి పెట్టడం లేదంటారు" అన్నారు. మాకు ఖాళీ గది లేదు. చుట్టుపక్కల సగం ఇళ్ళు ఒడియావాళ్ళవి. మామయ్యగారిని కదిపేదెలాగో తెలియడం లేదు. మీ కూతురి వయసుదాన్ని, దారి చెప్పండి.

– ఒక కోడలు, రాయగడ

సమాధానం:

తల్లీ,

నీ ఉత్తరంలో నువ్వు మామూలుగా రాసేసిన రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి టీవీ, రెండోది ట్రంకుపెట్టె.

ముందు టీవీ సంగతి చూడాలి. కాగితం మిల్లులో పేపరు మిషన్ హోరు, వెదురూ కర్రా ముక్కలు చేసే చిప్పర్ చప్పుడు ఎలా ఉంటాయో ఆ గేటు లోపలికి వెళ్ళినవాళ్ళకి తెలుసు. పక్కమనిషి చెవిలో అరిస్తే తప్ప వినపడదు. ఆ హోరులో 34 ఏళ్ళు నిలబడ్డ మనిషి చెవులు దెబ్బతిని ఉండే అవకాశం చాలా ఎక్కువ. చప్పుడు వల్ల వచ్చే చెవుడు ఒక్కసారిగా రాదు. ముందు సన్నటి శబ్దాలను మింగేస్తుంది. ఆడవాళ్ళ గొంతు, పసిపిల్లల గొంతు, "స", "శ", "త" లాంటి అక్షరాలు జారిపోతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏమన్నారో అందదు. రెండుసార్లు "ఏటీ?" అని అడిగి, మూడోసారి అడగడానికి మొహమాటపడి "ఊ" అనేస్తారు. ఇంట్లోవాళ్ళు దాన్ని ముభావం అనుకుంటారు. నువ్వు అడిగినవాటిలో సగం ఆయనకి వినపడి ఉండకపోవచ్చు.

కాబట్టి ఈ వారమే జిల్లా ఆసుపత్రిలో చెవి డాక్టరుకి చూపించండి. గుబిలి గట్టిపడి అడ్డుపడినా ఇలాగే ఉంటుంది, తీసేస్తే అక్కడితో తేలిపోతుంది. కాకపోతే ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేసి, చెవి మిషన్ అవసరమో కాదో చెబుతారు. కళ్ళల్లో శుక్లాలు ఉన్నాయేమో కూడా అదే రోజు చూపించేయండి. షెడ్డు కంటే ముందు దీన్ని ఎందుకు పట్టుకున్నానంటే, వినపడని మనిషిని నలుగురి మధ్య కూర్చోబెడితే ఆ నలుగురూ నవ్వినప్పుడు తను నవ్వలేక, రెండోరోజు ఇంట్లోనే ఉండిపోతాడు.

ఇక ట్రంకుపెట్టె. ఏడాదికోసారి పానాలు తుడిచి నూనె రాసే మనిషికి పని మీద ప్రాణం పోలేదు తల్లీ. తుప్పు పట్టకూడదని నూనె రాస్తున్నాడంటే, మళ్ళీ ఎప్పుడో చేత్తో పట్టుకుంటానని ఎక్కడో అనుకుంటున్నట్టే. మీ వైపు సెప్టెంబరు 17న మిల్లుల్లో, గ్యారేజీల్లో, ఆటో స్టాండుల్లో విశ్వకర్మ పూజ ఎంత ఘనంగా చేస్తారో నాకు తెలుసు. మనం దసరాకి చేసే ఆయుధపూజని ఆయన ఒడిశా మిల్లు కార్మికుల్లో ఒకడై ఆ రోజుకి మార్చుకున్నారు. ఆయన ఇంకా ఆ గ్యాంగులోనే ఉన్నారు. గ్యాంగే చెదిరిపోయింది.

మీ చెల్లెలు చెప్పిన షెడ్లు పుట్టింది కూడా ఇలాంటి చోటే. ఆస్ట్రేలియాలో ఇంటి వెనక పెరట్లో ఒక రేకుల షెడ్డు ఉండటం రివాజు. మగవాడి పనిముట్లు, పాత రేడియో, సగం చేసి వదిలేసిన బల్ల, అన్నీ అందులోనే. వయసు మీద పడి పెద్ద ఇల్లు అమ్మి చిన్న ఇంటికి మారినప్పుడు ఆ షెడ్డు పోయేది, దానితోపాటు ఆయన వెళ్ళి నిలబడే చోటు పోయేది. అందుకని 1990లలో కొన్ని ఊళ్ళు ఉమ్మడి షెడ్లు తెరిచాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని గూల్వాలో 1993లో ఒకటి వచ్చింది. విక్టోరియా రాష్ట్రంలోని టొంగాలాలో 1998లో ఇంకొకటి. 2007లో ఇవన్నీ కలిసి దేశవ్యాప్త సంఘం పెట్టుకున్నాయి. ఇప్పుడు ఒక్క ఆస్ట్రేలియాలోనే వెయ్యికి పైగా ఉన్నాయి, ఐర్లండ్‌లోనూ బ్రిటన్‌లోనూ వందల్లో ఉన్నాయి. వాళ్ళు తరచూ చెప్పుకునే మాట ఒకటుంది: మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడరు, భుజం భుజం ఆనించి పనిచేస్తూ మాట్లాడతారు. ఆ షెడ్లలో బెంచీ, పనిముట్లు ఎంత ముఖ్యమో టీ కెటిల్ అంత ముఖ్యం. బి.పి. చూపించుకోవడం, ప్రోస్టేట్ గురించి డాక్టరుని పిలిచి మాట్లాడించడం లాంటివి కూడా ఆ బెంచీ పక్కనే జరిగిపోతాయి. ఆసుపత్రి మెట్లెక్కని మగవాడు, బల్లకి వార్నీషు వేస్తూ పక్కవాడితో "రాత్రి నాలుగుసార్లు లేవాల్సొస్తోందిరా" అని అనగలడు.

అది చదివినప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఈ కథ నీకు చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదు.

మాది పర్లాకిమిడి. నాన్న చిన్నబండి (నేరో గేజి రైలు) లైన్లో ఫిట్టరు. రాజావారి హయాంలో 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా పడిన లైను అది, తర్వాత గుణుపురం దాకా పెరిగింది. నాన్న రిటైరయ్యాక కూడా ఆ బండి కూతని బట్టే స్నానం, భోజనం. 2004లో పెద్ద లైను (బ్రాడ్ గేజి) వెయ్యడానికని చిన్నబండిని ఆపేశారు. కూత ఆగిపోయింది. ఆ ఏడాదే ఇంటికి సున్నాలు వేయిస్తూ, అటక మీదున్న నాన్న సామాన్ల పెట్టెని నేనే పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. కిలోల లెక్కన. ఇల్లు శుభ్రం చేస్తున్నాననుకున్నాను. నాన్న సంత నుంచి వచ్చి, ఖాళీ అటక వంక చూసి, "పోనీలేమ్మా, ఇంకేటుంది సెయ్యడానికి" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆయన మీ మామయ్యగారిలాగే ఉన్నాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు.

ఆయన్ని లేపింది నేను కాదు, మా ఊరి కొమ్ము పనివాళ్ళు. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు నీకు తెలిసే ఉంటాయి. ఆవు కొమ్ము, గేదె కొమ్ము వేడిచేసి మెత్తబరిచి, వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలు, దువ్వెనలు చేస్తారు. ఆ వీధిలో ఒక పెద్ద మేస్త్రీ ఒకరోజు మా ఇంటికొచ్చి, "బావా, మా వైసు పట్టు జారిపోతంది, దవడ అరిగిపోనాదో ఏటో, ఓపాలి సూడు" అన్నాడు. వైసంటే పనిచేసే వస్తువుని కదలకుండా బిగించి పట్టే ఇనప పరికరం. నాన్న చొక్కా వేసుకుని వెళ్ళాడు. దవడలు విప్పి, గీతలు మళ్ళీ కోసి బిగించి వచ్చాడు. మర్నాడు "పట్టు నిలబడిందో లేదో చూసొస్తాను" అని వెళ్ళాడు. మూడోరోజు ఏ సాకూ చెప్పలేదు. నెల తిరిగేసరికి ఆయన అక్కడ కూర్చుని దువ్వెన పళ్ళు అరగదీస్తున్నాడు. చొక్కా నిండా తెల్లటి కొమ్ము పొడి. ఆ రాత్రి పప్పుచారు మారడిగి వేయించుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

ఇందులో నీకు కావలసింది ఆ మేస్త్రీ మాట. ఆయన "ఒంటరిగా ఉన్నావు, వచ్చి మాతో కూర్చో" అనలేదు. అలా అని ఉంటే నాన్న గడప దాటేవాడు కాదు. మనవైపు ఆ తరం మగవాళ్ళకి తోడు కావాలని ఒప్పుకోవడం అప్పు అడగడంతో సమానం. నీ చేత ఒక పని కావాలి అంటే మాత్రం చెప్పులు వేసుకుంటారు. పనికని వెళతారు. తోడు వాళ్ళకి తెలియకుండానే దొరుకుతుంది.

అందుకని మామయ్యగారితో షెడ్డు, సంఘం, కాలక్షేపం అనే మాటలు అసలు ఎత్తకు. ఒక నిజమైన పని తీసుకెళ్ళు. నిజమైనదే కావాలి. ఆయన కోసమని నువ్వు కావాలని వదులు చేసిన స్క్రూని ఫిట్టరు ఒక్క చూపులో పట్టేస్తాడు, జాలి చూపిస్తున్నారని తెలిసిపోతుంది. మీ వీధిలో ఊగిపోయే టేబుల్ ఫ్యాను, పిడి ఊడిన కుక్కరు, చైను జారిపోయే బడిపిల్ల సైకిలు ఒక్కటైనా లేకుండా ఉండదు. అది కూడా నీ ఇంటిది కాకుండా పక్కింటిదైతే మంచిది. సొంత ఇంట్లో చేస్తే కోడలు చెప్పిన పని, పక్కింటికి చేస్తే అడిగించుకున్న పని. ఆ పక్కింటాయనే స్వయంగా తెచ్చి ఇవ్వాలి. ఆయన విప్పుతూ ఉంటే అక్కడే నిలబడి టార్చిలైటు పట్టుకోమను. నువ్వు లోపలికి వెళ్ళిపో. "ఎలా చేస్తున్నారు మామయ్యగారూ" అని రెండుసార్లు తొంగి చూడకు. బాగయ్యాక చప్పట్లు కొట్టకు. "ఫ్యాను తిరుగుతోందండీ" అంటే చాలు.

మీ ఆయన మాటకి వస్తాను. ఆయన బాధ నాకు అర్థమైంది, దాన్ని కొట్టిపారేయకు. తండ్రిని సుఖపెట్టాలని ఆయన కోరిక. నలుగురూ మాట అంటారనే భయం కూడా ఊహించుకున్నది కాదు, మన ఊళ్ళలో అంటారు. కానీ మనం "రెస్టు" అని ఇచ్చేది చాలామంది తండ్రులకి సెలవు చీటీలా కాకుండా గెంటివేతలా తగులుతుంది. కూలికి చేసేది వేరు, చేతికి అలవాటైన విద్య వేరు. ఇక్కడ మామయ్యగారు ఎవరి దగ్గరా డబ్బు పుచ్చుకోరు, ఎవరి హాజరు పుస్తకంలోనూ సంతకం పెట్టరు. ఆ తేడా మొదటిరోజు నుంచీ వీధికి కనపడేలా ఉంటే నోళ్ళు వాటంతటవే మూతపడతాయి. అంతకంటే మంచి ఉపాయం ఇంకోటుంది. మీ ఆయన్నే ఒక ఆదివారం తండ్రి పక్కన కూర్చుని, "నాన్నా, ఈ మోటారు పంపుకి నీళ్ళు కారకుండా గ్లాండు ఎలా కట్టాలో నాకు చూపించు" అని అడగమను. కొడుకే శిష్యుడైతే లోకం అనడానికి ఏముంటుంది? వాళ్ళిద్దరూ చివరిసారి కలిసి ఏ పని చేశారో ఆయన్ని గుర్తుచేసుకోమను. బహుశా అమ్మ కర్మకాండలే అయి ఉంటాయి.

గది లేదన్నావు. మొదట గది అక్కర్లేదు. మీ వరండాలోనే ఆయన కుర్చీ పక్కన ఒక గట్టి బల్ల వెయ్యండి, దాని అంచుకి చిన్న బెంచి వైసు బిగించండి. కుర్చీ తీసెయ్యొద్దు. అలవాటైన చోటు అలాగే ఉండి, పక్కన బల్ల వచ్చిందంటే మనిషి మెల్లిగా అటు తిరుగుతాడు. మిల్లులో ఆయనతో పనిచేసినవాళ్ళు రాయగడలో ఎంతమంది మిగిలారో కనుక్కో. పెన్షన్ కోసం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కలుసుకుంటూనే ఉండి ఉంటారు. ఇద్దరు దొరికినా చాలు. ముగ్గురైతే గ్యాంగే. వారానికి ఒకరోజు, రెండు గంటలు, ఎప్పుడూ అదే రోజు, అదే వేళ. ఎండాకాలం పొద్దున్న ఏడింటికి, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగింటికి. షిఫ్టులకి అలవాటుపడ్డ ఒళ్ళు ఆ వేళకి తనే లేస్తుంది. "వీలైనప్పుడు రండి" అంటే ఎవరూ రారు.

ముగ్గురు ఏడుగురయ్యాక వరండా చాలదు. అప్పుడు మీ పేటలో భజన మందిరం వెనక, పండగలకి తప్ప తెరవని వంటశాల ఉంటుంది చూడు, అలాంటిది అడగండి. బడిలో వాడని గది, మూసేసిన కొట్టు, ఏదైనా సరే. కావలసింది గాలి, వెలుతురు, ప్లగ్గు పాయింటు, తాళం. మెట్లు లేకపోతే మరీ మంచిది. పక్కన మరుగుదొడ్డి తప్పనిసరి. ఆ వయసు మగవాళ్ళు మరుగుదొడ్డి లేని చోటికి రెండు గంటలకని రారు. కారణం మాత్రం చెప్పరు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను: టీ నువ్వు పెట్టకు. మొదటిరోజు ట్రేలో కప్పులు పట్టుకుని వెళ్ళావంటే ఇక అది నీ మెడకి ఇంకో చాకిరీ. స్టవ్, గిన్నె, టీపొడి, పంచదార డబ్బా వాళ్ళకే ఇచ్చెయ్. వంతులవారీగా పెట్టుకుంటారు, మరగబెట్టి చేదు చేసుకుంటారు, కప్పులు కడుక్కుంటారు. భార్య పోయాక ఒంటరిగా మిగిలిన మగవాడికి తన చేత్తో నలుగురికీ టీ కలిపి ఇవ్వడం రావడం చిన్న విద్య కాదు. ఇలా అంటున్నానని ఆడవాళ్ళ ఒంటరితనం మరిచిపోయాననుకోకు. మన పెద్దావిడలకి భజనలున్నాయి, నోములున్నాయి. ఒడిశాలో 2001 నుంచి మిషన్ శక్తి పేరుతో మహిళా సంఘాలున్నాయి. రిటైరైన మగవాడికి మాత్రం టీకొట్టు బల్ల తప్ప పేరు పెట్టి పిలిచే చోటు లేదు. పాతరోజుల్లో ఇంటింటికీ వీధి అరుగు ఉండేది. అరుగులు కొట్టేసి ప్రహరీలు కట్టుకున్నాం.

ఒడియావాళ్ళు సగం అన్నావు, అది అడ్డమని రాశావు. నాకు అదే బలంగా కనిపిస్తోంది. సాయంత్రం పూట మగవాళ్ళు చేరి టీ తాగుతూ కబుర్లాడుకునే చోటుకి ఒడియాలో చక్కటి మాటుంది: ఖటి. మన రచ్చబండకి చెల్లెలు. అందుకని మీరు దీన్ని తెలుగువాళ్ళ సంఘంగా మొదలుపెట్టొద్దు, గోడ మీద పేరు రాస్తే రెండు లిపుల్లోనూ రాయండి. పానా, వైసు, బేరింగు, వాషరు – బెంచీ దగ్గర వాడే మాటలు ఎలాగూ ఇద్దరివీ ఒకటే. ఎదుటి ఇంటి మౌసాని (ఒడియా బాబాయిగారిని) "ఆసంతు, బసంతు" – రండి, కూర్చోండి – అని పిలవడానికి మామయ్యగారికి ఎవరూ నేర్పక్కర్లేదు, మిల్లులో 34 ఏళ్ళు ఏ భాషలో తిట్టుకున్నారో ఆ భాష ఉండనే ఉంది. మా పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకున్నది కూడా సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, రోజూ పక్కన కూర్చుని. సంతకి వచ్చే కంధ గిరిజన పెద్దల్లో వెదురు పని తెలిసినవాళ్ళుంటారు. అలాంటి ఒకరిని పిలిచి తట్ట అల్లడం మీవాళ్ళకి నేర్పమనండి. ఆయన నేర్పేవాడు, మిల్లు ఫోర్‌మన్ నేర్చుకునేవాడు. ఒక్క మధ్యాహ్నమైనా అలా గడిస్తే మీ పేటకి మంచి జరుగుతుంది.

ఇక్కడ కులం సంగతి దాటేసి వెళ్ళిపోతే నేను నీకు అబద్ధం చెప్పినట్టే. మన దగ్గర సుత్తి ఒక కులానిది, చిత్రిక ఒక కులానిది, కలం ఇంకో కులానిది అన్న లెక్క పెద్దవాళ్ళ మనసుల్లోంచి పూర్తిగా పోలేదు. రిటైరైన మాస్టారు, బ్యాంకు గుమాస్తా వస్తారు, కూర్చుంటారు, చెయ్యి మాత్రం పెట్టరు. వాళ్ళని బలవంతం చెయ్యొద్దు. మొదట వచ్చిన వస్తువుల పద్దు రాయమనండి, పాత పుస్తకాలకి అట్టలు వెయ్యమనండి. తర్వాత ఒక రోజు గరుకు కాగితం చేతికిచ్చి "ఈ అంచు కాస్త రుద్దండి మాస్టారూ" అనండి. వడ్రంగి పెద్దాయన మాత్రం అందరితో సమానంగా కుర్చీలో కూర్చోవాలి, పని నేర్పేటప్పుడు ఆయన మాటే చెల్లాలి. ఇది మొదటి వారం నుంచే పాటించకపోతే తర్వాత సరిచెయ్యడం కష్టం.

ఏ పనులు చేస్తారని నీకు సందేహం రావచ్చు. దానికి కొదవ లేదు. అంగన్‌వాడీ కుర్చీలు, బడి బెంచీలు, ఆసుపత్రిలో చక్రం తిరగని వీల్‌చైరు, ముసలమ్మల చేతికర్రలకి రబ్బరు బుడిపెలు, స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీలు. ఆషాఢంలో రథయాత్రకి పిల్లలు లాగే చిన్న చిన్న రథాలు ఉంటాయి కదా, వాటికి చెక్కచక్రాలు తిప్పడం మొదలుపెడితే మీ పేట పిల్లలంతా ఆ వరండాలోనే ఉంటారు. ఎండాకాలంలో చలివేంద్రానికి, మీవాళ్ళ మాటలో జలఛత్రానికి, కుండల స్టాండు. ఒక్క జాగ్రత్త: బజార్లో మెకానిక్ కుర్రాడికి, వడ్రంగికి రావలసిన పని మీరు ఉచితంగా లాక్కోకూడదు. వాళ్ళు చెయ్యనన్నవి, చేయించుకోలేనివాళ్ళవి మాత్రమే తీసుకోండి. వీలైతే ఆ కుర్రాణ్ణే నెలకోసారి పిలిచి కొత్తరకం మోటార్ల సంగతి చెప్పించుకోండి.

మొదటి ఆరునెలలు కరెంటు రంపం, గ్రైండరు జోలికి పోవద్దు. చేతి పనిముట్లు చాలు. ఫ్యాను, మిక్సీ విప్పేముందు ప్లగ్గు తీసి పక్కన పెట్టాలి, కండెన్సర్‌లో ప్లగ్గు తీశాక కూడా కరెంటు నిలవ ఉంటుందని ఫిట్టరు పెద్దాయనకి తెలిసినా మాస్టారికి తెలియదు. కళ్ళకి అద్దాలు, ఒక మందుల పెట్టె, షుగరు ఉన్నవాళ్ళ కోసం బిస్కెట్లూ పంచదారా. ఎవరు ఏ మాత్రలు వేసుకుంటారో, ఇంటి ఫోను నంబరు ఏమిటో ఒక చీటీ గోడకి అంటించండి.

డబ్బు గురించి ఇప్పుడే తల బద్దలు కొట్టుకోవద్దు. పాత సామాను ఇంటింటికీ అడిగితే వస్తుంది. రిజిస్ట్రేషన్, అధ్యక్షుడు, కార్యదర్శి అంటూ మొదలుపెడితే బల్ల కంటే ముందు బేనరు వస్తుంది, తగువూ వస్తుంది. ఏడాది నిలబడ్డాక, గ్రాంటో బ్యాంకు ఖాతానో కావాల్సి వచ్చినప్పుడు చూసుకోవచ్చు. 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘంగా నమోదవుతుంది.

చివరగా, బల్లా వైసూ చెయ్యలేని పని ఒకటుంది, అది నువ్వు గుర్తుపట్టాలి. మామయ్యగారు ఒళ్ళు బాగా తగ్గిపోతున్నా, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నా, తిండి మీద ధ్యాస పోయినా, మాటల మధ్య "ఇంకెందుకు బతకడం", "మీ అత్త దగ్గరికి పోతే తీరిపోతుంది" లాంటివి వచ్చినా, అది ముసలితనం అని సరిపెట్టుకోవద్దు. అది జబ్బు, మందు ఉంది. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. 14416 టెలిమానస్‌కి, అంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకి, ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పెద్దవాళ్ళ సమస్యలకి 14567 ఎల్డర్‌లైన్ ఉంది. చావు మాట ఎత్తితే అడగడానికి భయపడకు. "చచ్చిపోవాలనిపిస్తోందా మామయ్యగారూ?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. ఆయనకి వినపడేలా, ఎదురుగా నిలబడి అడుగు.

ఇవన్నీ ఒక్కరోజులో కావు. మొదటి వారం చెవి డాక్టరు. రెండో వారం బల్ల. మూడో వారం పక్కింటి మౌసా ఫ్యాను. ట్రంకుపెట్టె తాళం ఆయన్నే తియ్యనివ్వు, తాళంచెవి కనపడకపోయినా నువ్వు వెతికి ఇవ్వకు. మొదట విప్పిన వస్తువు ఏమిటో నాకు రాయి.